సరుకు వేరు, షేరు వేరు

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విని, పచ్చడి తిని ఇళ్ళకు పోవడం మనకు అలవాటు. ఈ ఏడు ఆదాయ వ్యయాల మాటను ఇంకొంచెం పొడిగించమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. కారణం మీకు తెలిసినదే. సంఘ భవన నిధి బ్యాంకులో ఊరికే పడివున్నదనీ, దానిలో కొంత ఎంబెడెడ్ సాఫ్టువేరు కంపెనీల షేర్లలో పెడితే భవనానికి పై అంతస్తు కూడా లేస్తుందనీ మన మిత్రులు కొందరు అంటున్నారు. వారు చదువుకొన్నవారు, సంఘం మేలు కోరేవారు. ఈ మాట వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు రానున్నది. అంతకు ముందే ఆ వ్యాపారం ఏమిటో, అందులో వాటాదారుకు దక్కేదేమిటో తెలుగులో విడమరచి చెప్పడం ఈనాటి నా పని.

నేను ఇంజనీరును కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. యంత్రం కడుపులో ఏమున్నదో చెప్పే శక్తి నాకు తక్కువ. కాని బిల్లు ఎక్కడ పుడుతుందో, ఎన్ని బల్లలు దాటుతుందో, డబ్బు ఎప్పుడు చేతికి అందుతుందో రోజూ చూస్తున్నాను. కంపెనీని కూడా ఆ కంటితోనే చూస్తాను. అందుకు మన్నించాలి.

ముందు సరుకు సంగతి. కంప్యూటరు అనగానే మనకు బల్లమీది తెర గుర్తుకు వస్తుంది. తెర లేని కంప్యూటర్లు అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. బట్టలుతికే యంత్రంలో ఒకటి వున్నది. లిఫ్టులో వున్నది. ఆస్పత్రిలో రోగి నరంలోకి మందు చుక్కలు లెక్కగా పంపే పంపులో వున్నది. కారు బ్రేకులో వున్నది. మన ఎలక్ట్రిక్ ఇంజనులోనూ వున్నది. ఇటువంటి యంత్రంలో ఇమిడిపోయి, పైకి కనిపించకుండా దాన్ని నడిపించే ప్రోగ్రామునే ఎంబెడెడ్ సాఫ్టువేరు అంటారు. దీనికి ముఖ్య గుణం వేళ తప్పకపోవడం. మన ఫోను ఒక్క క్షణం తడబడితే విసుక్కొని ఊరుకొంటాము. బ్రేకు వేయవలసిన ప్రోగ్రాము ఆ ఒక్క క్షణం తడబడితే ప్రాణం పోతుంది. సరియైన జవాబు ఆలస్యంగా వస్తే అది తప్పు జవాబు కిందే లెక్క.

ఈ వ్యాపారం స్వభావం తెలియాలంటే ఒక కంపెనీ కథ మొదటినుంచీ చివరిదాకా చూడాలి. నేను ఎంచుకొన్నది అమెరికాలోని విండ్ రివర్ సిస్టమ్స్. దీనిని 1981లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జెర్రీ ఫిడ్లర్ అనే ఆయన ప్రారంభించినాడు. డేవిడ్ విల్నర్ ఆయనకు తోడైనాడు. మొదట వారు చేసింది కూలిపని వంటిదే. ఎవరికి ఏ ప్రోగ్రాము కావాలో రాసి ఇచ్చి, పనిచేసిన గంటలకు డబ్బు తీసుకొనేవారు. తరువాత 1987లో వీఎక్స్ వర్క్స్ అనే తమ సొంత సరుకును బజారులో పెట్టినారు. యంత్రంలోని చిన్న కంప్యూటరుకు అది పెద్ద గుమాస్తా వంటిది. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏది ఎంతసేపు అన్నది అదే తేలుస్తుంది. 1993లో కంపెనీ షేర్లు నాస్‌డాక్ బజారులో అమ్మకానికి వచ్చినవి.

1997 జూలై 4న అమెరికా వారి పాత్‌ఫైండర్ నౌక అంగారక గ్రహం మీద దిగింది. దాని కంప్యూటరును నడిపింది ఈ వీఎక్స్ వర్క్సే. దిగిన కొద్ది రోజులకు ఆ కంప్యూటరు తనంతట తాను ఆగి, మళ్ళీ మొదటినుంచి ప్రారంభం కావడం మొదలుపెట్టింది. కారణం వింటే మన ఆఫీసే గుర్తుకు వస్తుంది. ఒక చిన్న గుమాస్తా చేతిలో రిజిస్టరు వున్నది. రెండు పంక్తులు రాసి ఇచ్చేయాలి. ఆ రిజిస్టరు కోసం పెద్ద దొరగారు ఎదురుచూస్తున్నారు. ఈలోగా మధ్యస్థాయి వారు వచ్చి, చిన్న గుమాస్తాను పక్కకు తోసి, తమ పనులు చేసుకొంటున్నారు. చిన్నవాడు రాయలేడు, రిజిస్టరు వదలలేడు. దొరగారి పని సాగదు. ఇది గమనించిన కాపలాదారు, ఆఫీసు చెడిపోయిందనుకొని మొత్తం మూసి మళ్ళీ తెరుస్తున్నాడు. అక్కడ జరిగింది ఇదే. ఇంజనీర్లు భూమిమీద అటువంటి యంత్రంపైనే పరీక్షించి తప్పు పట్టినారు. రిజిస్టరు కోసం దొరగారు వేచివున్నంతసేపు చిన్న గుమాస్తాకు దొరగారి హోదాయే ఇవ్వాలి, మధ్యలో ఎవరూ తోయరాదు అన్నది దానికి మందు. ఆ సదుపాయం వీఎక్స్ వర్క్స్‌లో ముందే వున్నది. ఇక్కడ మాత్రం వాడలేదు. దాన్ని వాడుకలోకి తెచ్చే చిన్న మార్పును భూమినుంచే పంపి సరిచేసినారు.

ఈ కథ వింటే ఎవరికైనా ఆ కంపెనీ షేరు కొనాలనిపిస్తుంది. తప్పు చేసినా కోట్ల మైళ్ళ దూరంనుంచి దిద్దుకోగల సరుకు అది. తరువాత అంగారకుడిపై దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ, క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ బండ్లన్నిటిలోనూ అదే వున్నది. ఇక డబ్బు సంగతి చూద్దాము.

ఆ కంపెనీకి రాబడి మూడు దారుల్లో వచ్చేది. పరికరాలు తయారుచేసే ఇంజనీర్లు వాడుకొనే పనిముట్లకు లైసెన్సు రుసుం ఒకటి. తయారైన పరికరాలు అమ్ముడైన కొద్దీ ఒక్కొక్కదానికి ఇంత అని వచ్చే రాయల్టీ రెండవది. సలహా, శిక్షణ, మరమ్మతులకు పుచ్చుకొనే డబ్బు మూడవది. రాయల్టీయే ఈ వ్యాపారంలోని బెల్లం. ఒకసారి రాసిన ప్రోగ్రాము లక్షో ప్రతి తీయడానికి ఖర్చు దాదాపు లేదు. కాని ఆ బెల్లం వెనుకనే వేపపువ్వు వున్నది. కంపెనీ సొంతంగా ఏ పరికరమూ అమ్మదు. కొనుగోలుదారు తన పరికరం అమ్ముకొంటేనే దీనికి డబ్బు. అతని దుకాణం మూతపడితే దీని పొయ్యిలో నిప్పు వుండదు.

సరిగ్గా అదే జరిగింది. 2000లో విండ్ రివర్ తన ముఖ్య పోటీదారు ఇంటిగ్రేటెడ్ సిస్టమ్స్ కంపెనీని తనలో కలుపుకొన్నది. ఇక పోటీయే లేదని చాలామంది తలచినారు. ఆ రోజుల్లో దానికి పెద్ద ఖాతాదారులు టెలిఫోను, ఇంటర్నెట్ పరికరాలు చేసే కంపెనీలు. 2001లో ఆ కంపెనీలు కుదేలైనవి. ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటిన విండ్ రివర్ రాబడి మూడేళ్ళలో సగానికి దిగింది. సరుకులో లోపమేమీ లేదు. కొనేవారి చేతిలో డబ్బు లేదు.

దానికి తోడు ఇంకొక దెబ్బ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ అనే వ్యవస్థ ఎదిగి ఎదిగి చిన్న పరికరాల్లోకి కూడా ప్రవేశించింది. దానికి లైసెన్సు రుసుం లేదు, రాయల్టీ లేదు. ప్రాణాపాయం వున్నచోట ఎక్కువమంది వీఎక్స్ వర్క్స్ వంటి వాటినే కోరినారు. మిగిలినచోట్ల మాత్రం, ఊరికే వచ్చేదాన్ని వదిలి డబ్బు పెట్టి కొనడం దేనికన్న ప్రశ్న పుట్టింది. చివరకు 2004లో విండ్ రివర్ వారే లైనక్స్‌ను కూడా తమ దుకాణంలో పెట్టి, దానికి సేవ చేసి డబ్బు తీసుకోవడం ప్రారంభించినారు. అది తెలివైన పనే. కాని రాయల్టీ బెల్లం పలచబడినమాట నిజం.

2009లో ఇంటెల్ కంపెనీ షేరుకు 11.50 డాలర్ల చొప్పున, మొత్తం 88 కోట్ల 40 లక్షల డాలర్లకు విండ్ రివర్‌ను కొనేసింది. ప్రకటనకు ముందురోజు బజారు ధర 8 డాలర్లు. ఇక్కడ ఇద్దరు వాటాదారులను ఊహించండి. ముందు వారం 8 డాలర్లకు కొన్నవానికి నూటికి 40కి పైగా లాభం. 2000లో బజారు మోజులో కొని, తొమ్మిదేళ్ళు ఓపికపట్టినవానికి నష్టం. కంపెనీ ఒకటే, సరుకు ఒకటే, డబ్బు చెల్లించిన రోజూ ఒకటే. తేడా అంతా ఏ ధరకు కొన్నారన్న దానిలోనే వున్నది. ఓపిక గొప్ప గుణమే గాని, అధిక ధర పెట్టి కొన్న తప్పును ఓపిక ఒక్కటే దిద్దలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2018లో ఇంటెల్ దీనిని టీపీజీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మివేసింది. 2022 జనవరిలో కారు భాగాలు చేసే ఆప్టివ్ కంపెనీ 430 కోట్ల డాలర్లకు కొంటానన్నది. అదే సంవత్సరం డిసెంబరులో బేరం ముగిసేనాటికి చెల్లించినది 350 కోట్లు. లెక్కలు కట్టే నిపుణులు, న్యాయవాదులు ఎందరో వున్న కొనుగోలుదారే ఒకే సరుకుకు ఒక్క సంవత్సరంలో 80 కోట్ల డాలర్ల తేడాగా విలువ కట్టినాడు. ఫోనులో ఎవరో పంపిన చిట్కా చూసి ఈ షేరు ఫలానా ధరకు పోతుందని మనం ఎంత ధైర్యంగా చెప్పగలమో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మన దేశానికి వద్దాము. మన పిల్లలు బెంగుళూరులో, పూనాలో, హైదరాబాదులో చేసే ఎంబెడెడ్ పనిలో చాలా భాగం వేరే రకం. బెంగుళూరు టాటా ఎలెక్సీ, పూనా కేపీఐటీ వంటి కంపెనీలు ప్రధానంగా విదేశీ కార్ల కంపెనీలకూ, ఇతర తయారీదారులకూ ఇంజనీర్ల పనిని అమ్ముతవి. కేపీఐటీ 2019 నుంచి కార్ల ప్రోగ్రాముల మీదనే నిలబడిన కంపెనీ. ఇందులో లక్షో ప్రతికి ఖర్చు లేదన్న సుఖం తక్కువ. రాబడి పెరగాలంటే మనుషులు పెరగాలి, లేదా గంట రేటు పెరగాలి. మరొకవైపు, చేసిన పనికి డబ్బు వస్తుంది కనుక రాబడి కొంత నిలకడ. ఇది మంచి వ్యాపారమే. అయితే ఖాతాదారు కారు కంపెనీ ఖర్చు బిగిస్తే మొదట ఆగేది ఈ పనే.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. అబ్బాయి జీతం వచ్చేది ఏ కంపెనీనుంచో ఆ కంపెనీ షేర్లలోనే ఇంటి సొమ్మంతా పెట్టకండి. ఆ కంపెనీకి జలుబు చేస్తే జీతమూ, దాచుకొన్నదీ ఒకేసారి తుమ్ముతవి.

ఇక మన ఖుర్దారోడ్డులో సాయంకాలం నలుగురు కూర్చుంటే వినిపించే మాట కవచ్. ఇంజనులో ఒక పెట్టె, స్టేషనులో ఒక పెట్టె, పట్టాల మధ్య బిళ్ళలు, వాటి మధ్య రేడియో సంభాషణ. డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటబోతే తానే బ్రేకు వేస్తుంది. ఇది అచ్చమైన ఎంబెడెడ్ వ్యవస్థ. మొదటి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లో జరిగినవి. 2016లో ప్రయాణికుల రైళ్ళపై పరీక్షించి, 2020 జూలైలో జాతీయ వ్యవస్థగా స్వీకరించినారు. మొదట ఆమోదం పొందిన మూడు కంపెనీలు, మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్, మూడూ హైదరాబాదువే. తెలుగువారికి అది గర్వకారణమే.

2023 జూన్ 2న మన బాలాసోర్ జిల్లా బాహానగా బజారులో జరిగిన ఘోరం ఎవరూ మరువలేరు. 290 మందికి పైగా పోయినారు. అటు తరువాత కవచ్ మాట ప్రతి ఇంటికీ చేరింది, దాని వెంటనే షేర్ల మాట కూడా చేరింది. ఆ మార్గంలో కవచ్ లేని మాట నిజం. కాని ప్రమాదానికి మూలం సిగ్నలు వైరింగు మార్చడంలో జరిగిన లోపమని విచారణలో తేలింది. దుఃఖంలో పుట్టిన ఆశతో షేరు ధర కట్టరాదు.

2024 డిసెంబరులో చిత్తరంజన్ ఇంజను కర్మాగారం నుంచి హెచ్‌బీఎల్‌కు 2,200 ఇంజన్లకు కవచ్ అమర్చే ఆర్డరు, 1,500 కోట్ల రూపాయలకు పైబడినది, వచ్చింది. ఇటువంటి వార్త రాగానే మనవారు అంత సొమ్ము కంపెనీ పెట్టెలో పడినట్లే మాట్లాడుతారు. బిల్లుల గుమాస్తాగా ఇక్కడ నేను చెప్పగలిగినది కొంత వున్నది. ఆర్డరు అంటే డబ్బు కాదు. ఆర్డరు వచ్చిన తరువాత సరుకు చేయాలి. తనిఖీ కావాలి. ఇంజను షెడ్డుకు వచ్చి ఖాళీగా నిలిస్తేనే అమర్చడం. అమర్చినాక పరీక్ష, సర్టిఫికెట్టు, ఆపైన బిల్లు. బిల్లులో ఒక్క కాగితం తక్కువైతే తిరుగు టపా. ఇంతకాలమూ కంపెనీ తన ఇంజనీర్లకు జీతం ఇస్తూ, విడిభాగాలకు డబ్బు కడుతూ వుండాలి. అందుచేత ఇటువంటి కంపెనీ వార్షిక నివేదికలో లాభం పంక్తి చూసి ఊరుకోరాదు. రావలసిన బాకీలు ఎంత, అప్పులు ఎంత, వ్యాపారం నుంచి నిజంగా చేతికి వచ్చిన నగదు ఎంత అన్న మూడు పంక్తులు చూడాలి. లాభం కాగితం మీద వుండి నగదు రాకపోతే, అది మన అలవెన్సు బిల్లు వంటిది. పేరుకు మనదే, చేతిలో లేదు.

ఇంకొకటి. విండ్ రివర్‌కు వందలాది కొనుగోలుదారులు వున్నా, ఒక్క రంగం పడిపోతే రాబడి సగమైంది. కవచ్‌కు మన దేశంలో కొనేది ముఖ్యంగా ఒక్కరే, భారతీయ రైల్వే. ధర టెండరులో తేలుతుంది. పోటీకి ఆ మూడు కంపెనీలే గాక తరువాత మరికొన్ని కూడా వచ్చినవి. పోటీ పెరిగితే రైల్వేకు మేలు, ప్రయాణికుడికి మేలు. వాటాదారుకు అంత మేలు కాకపోవచ్చు. వ్యవస్థ కూడా మారుతూ వుంటుంది. 2024 జూలైలో కవచ్ 4.0 రూపానికి ఆమోదం వచ్చింది. పాత రూపంలో పెట్టినవాటిని కొత్త రూపానికి మార్చే పనీ, ఖర్చూ వుంటవి.

నౌకరీలో వున్న సోదరులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 1966 నాటి మన రైల్వే సర్వీసు ప్రవర్తన నియమాలు షేర్లు కొనడాన్ని నిషేధించలేదు. తరచుగా కొని అమ్మడాన్ని జూదపు వ్యాపారంగా పరిగణించి నిషేధించినవి. విధి నిర్వహణలో ఇబ్బంది కలిగించే పెట్టుబడి తాను పెట్టరాదు, ఇంటివారి పేరున కూడా పెట్టనీయరాదు. ఏ కంపెనీ బిల్లు నా బల్లమీదికి వస్తుందో ఆ కంపెనీ షేరు నా ఇంట్లో వుండరాదు. నియమం సంగతి అలా వుంచినా, మనశ్శాంతికి కూడా అదే మంచిది.

మరి ఇంత చెప్పి, షేర్లు వద్దని అంటున్నానా? సొంత సొమ్ము విషయంలో అలా అనను. కష్టపడి దాచిన దానిలో, పదేళ్ళ వరకు అవసరం లేని భాగం ఎవరికైనా వుంటే, మంచి కంపెనీలో భాగస్వామి కావడం గౌరవమైన పనే. అడగవలసినవి అయిదు ప్రశ్నలు. కంపెనీకి సొంత సరుకు వున్నదా, లేక గంటల పనేనా? కొనేవారు ఎందరు? ఊరికే వచ్చే, లేదా చవకగా వచ్చే బదులు సరుకు ఏదైనా వున్నదా? బిల్లుకూ నగదుకూ మధ్య ఎంత కాలం? ఈ నాలిగింటికీ మంచి జవాబులు వచ్చినా, బజారు ఆ మంచి అంతటికీ ముందే ధర కట్టివేసిందా? అయిదవ ప్రశ్న అడగనివారే 2000లో దెబ్బతిన్నారు.

భవన నిధి విషయం మాత్రం వేరు. అది ఏ ఒక్కరిదీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్టచేతపట్టుకొని వచ్చిన మన తాతలూ తండ్రులూ నెలకు కొంత చొప్పున వేసినది, విశ్రాంతి పుచ్చుకొనేనాడు చేతికొచ్చిన దానిలోనుంచి కొందరు ఇచ్చినది అందులో వున్నది. మేస్త్రీకి డబ్బు ఇవ్వవలసిన నెల వచ్చినప్పుడు బజారు దిగివుంటే, బజారు కోలుకొనేదాకా గోడలు ఆగవు. పైగా నమోదైన సంఘాల నిధులు ఎక్కడ పెట్టవచ్చునన్నదానికి చట్టంలో హద్దులు వున్నవి. ఆడిటరుగారిని అడగకుండా ఒక్క రూపాయి కదపరాదు. ఎక్కువ వడ్డీ కావాలంటే బ్యాంకు డిపాజిట్ల గడువులు సరిచూసుకొందాము. నిధిని షేర్లలోకి మళ్ళించరాదని నా గట్టి అభిప్రాయం. నా ఓటు అటే పడుతుంది.

ఆ మిత్రుల ఉత్సాహం మాత్రం వృథా కారాదు. నెలకొక ఆదివారం మన గ్రంథాలయపు గదిలో కూర్చొని, ఒక్కొక్క కంపెనీ వార్షిక నివేదికను తెలుగులో అర్థం చెప్పుకొంటూ చదువుదామని ప్రతిపాదిస్తున్నాను. ఇంజనీరింగు చదివిన పిల్లలు సరుకు సంగతి చెప్పాలి. లెక్కలు తెలిసిన పెద్దలు నగదు సంగతి చెప్పాలి. సోదరీమణులు తప్పక రావాలి. నెల జీతంలో పాలవానికీ, బడికీ, ఊరికి పంపవలసిన దానికీ పంచి, ఇంకా కొంత మిగిల్చేవారు వారే. ఎక్కడ డబ్బు కారిపోతున్నదో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. అక్కడ ఎవరూ ఎవరిచేతా షేరు కొనిపించరాదు. చదవడం, అడగడం, అర్థం చేసుకోవడం మాత్రమే.

 ఈ కొత్త సంవత్సరంలో మీ ఇళ్ళలో ఆదాయం హెచ్చుగా, వ్యయం తగుమాత్రంగా వుండాలనీ, మన సంఘ భవనం అనుకొన్న గడువుకే లేవాలనీ కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను. నమస్కారం.